ట్రాక్ డే కోసం జీఆర్ 86: ఏ అప్‌గ్రేడ్ ముందు, ఏది తర్వాత, ఏది అసలే వద్దు

కొత్తగా స్పోర్ట్స్ కారు కొన్నవాళ్ల ఫోన్‌లో ఒక లిస్టు ఉంటుంది. పైన ఎగ్జాస్ట్, దాని కింద ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి), తర్వాత కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగలిగే సస్పెన్షన్), చివర్లో డిక్కీ మీదికి పెద్ద వింగ్. బ్రేక్ ఫ్లూయిడ్ ఆ లిస్టులో దాదాపు ఎప్పుడూ కనిపించదు. తీరా ట్రాక్ డేకి, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకు వెళ్లాక, మధ్యాహ్నానికల్లా కారును పక్కన పెట్టించేది చాలాసార్లు అదే.

ఉదాహరణగా టయోటా జీఆర్ 86 తీసుకుంటున్నాను. 2.4 లీటర్ల ఇంజిన్, 228 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్‌బాక్స్‌తో సుమారు 1,275 కిలోల బరువు, వెనక చక్రాలకు టోర్సెన్ డిఫరెన్షియల్ (ఒక చక్రం పట్టు తగ్గితే రెండోదానికి ఎక్కువ శక్తి పంపేది). అంటే కంపెనీలోనే సగం పని అయిపోయి వచ్చిన కారు. సుబారు బీఆర్‌జెడ్ దీనికి కవల కాబట్టి దానికీ ఇదంతా వర్తిస్తుంది. మాజ్డా ఎమ్‌ఎక్స్-5 ఉన్నవాళ్లకు నంబర్లు మారతాయి కానీ వరస మారదు. ట్రాకులేమో కాలిఫోర్నియావి: లగూనా సెకా, సొనోమా, థండర్‌హిల్. బే ఏరియాలో ఉండే మనవాళ్లు ఎక్కువగా వెళ్లేవి అవే.

నేను చెప్పే వరస ఇది: ముందు కారు ఆగాలి, తర్వాత తిరగాలి, తర్వాత చల్లగా ఉండాలి, ఇవన్నీ కుదిరాకే ఇంకా గట్టిగా పరిగెత్తాలి. అమ్మేవాళ్ల వెబ్‌సైట్లు దీన్ని సరిగ్గా తిరగేసి చూపిస్తాయి.

మొదటి అడుగు: మొదటి రోజుకు కారును దాదాపు ముట్టుకోకండి

ఆ ‘దాదాపు’లో మూడు పనులున్నాయి.

హెల్మెట్ కొనండి. స్నెల్ ఎస్‌ఏ రేటింగ్ ఉన్నదే తీసుకోండి. బైక్ హెల్మెట్ల మీద ఉండే ఎం రేటింగ్‌ను కార్ల ట్రాక్ డేల్లో చాలామంది నిర్వాహకులు ఒప్పుకోరు. ఎస్‌ఏ హెల్మెట్లను నిప్పుకు తట్టుకుంటాయా లేదా అని కూడా పరీక్షిస్తారు, ఎం వాటికి ఆ పరీక్ష ఉండదు. ఈ ప్రమాణం సుమారు ఐదేళ్లకోసారి మారుతుంది కాబట్టి, డిస్కౌంట్‌లో వస్తోందని పాత లేబుల్‌ది కొనే ముందు మీ నిర్వాహకుల రూల్స్ ఒకసారి చదవండి.

రెండోది, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి. దీని సంగతి కింద వివరంగా చెప్తాను.

మూడోది, ఇంజిన్ ఆయిల్ మట్టం చూసుకోండి. డిప్‌స్టిక్ మీద పై గీత దగ్గర ఉండాలి. మధ్యలో ఉన్నా పర్లేదనేది రోడ్డుకు సరిపోతుంది, ట్రాక్‌కు సరిపోదు.

ఇక డబ్బు పెట్టాలనిపిస్తే ఇన్‌స్ట్రక్టర్ మీద పెట్టండి. అమెరికాలో కొత్త జీఆర్ 86 కొన్నవాళ్లకు నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్ ఏడాది మెంబర్‌షిప్‌తో పాటు ఒక ట్రాక్ డేను టయోటా ఉచితంగా ఇస్తూ వచ్చింది. మీ కారుకు ఆ సౌకర్యం ఉందేమో డీలర్‌ను అడగండి. చాలామంది దాన్ని వాడుకోకుండానే గడువు దాటించేస్తారు.

కారును మార్చకుండా వెళ్లమనడానికి ఇంకో కారణం ఉంది. అసలు కారు ఎలా నడుస్తుందో తెలియకుండా ఐదు పార్టులు ఒకేసారి మార్చేస్తే, తర్వాత ఏ మంచి దేనివల్ల వచ్చిందో, ఏ తలనొప్పి దేనివల్ల వచ్చిందో మీకూ తెలియదు, మెకానిక్‌కూ తెలియదు.

రెండో అడుగు: ముందు ఎవరు చేతులెత్తేశారో రాసుకోండి

ట్రాక్ డేలో ఒక్కో సెషన్ మామూలుగా 20 నిమిషాలు ఉంటుంది. లోపలికి వచ్చి కారు ఆపగానే, కబుర్లకు ముందే, ఒక చిన్న పుస్తకంలో ఇవి రాయండి: వేడి మీద నాలుగు టైర్ల గాలి ఎంత, ఆయిల్ టెంపరేచర్ గరిష్ఠంగా ఎంతకు వెళ్లింది, అందరికంటే ముందు ఎవరు చేతులెత్తేశారు. బ్రేకులా? టైర్లా? ఇంజిన్ వేడా? మీరా?

కొత్తలో ఎక్కువసార్లు సమాధానం ‘నేనే’ అని వస్తుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ సమాధానం వచ్చినన్నాళ్లూ పార్టుల వెబ్‌సైట్ తెరవక్కర్లేదు.

ల్యాప్ టైమర్ ఒకటి ఉండాలి. ఫోన్‌లో రేస్‌క్రోనో లాంటి యాప్ చాలు. మోజు ఉంటే గార్మిన్ క్యాటలిస్ట్ లాంటి పరికరం కొనుక్కోవచ్చు. దానిలో చూడాల్సింది అత్యుత్తమ ల్యాప్ కాదు, ల్యాపుల మధ్య తేడా. అడ్డం ఏమీ లేకపోయినా మీ ల్యాపులు మూడు నాలుగు సెకన్లు అటూ ఇటూ ఊగుతున్నాయంటే, ఏ పార్టు ఎంత లాభం ఇచ్చిందో ఆ ఊపులో కనపడదు. తేడా ఒక సెకనుకు దగ్గరగా వచ్చాక కొనుక్కున్న వస్తువు పనితనం గడియారంలో కనిపిస్తుంది.

మూడో అడుగు: బ్రేకులు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే మిగతావి తేడా చేస్తే ల్యాప్ టైమే పోతుంది, ఇది తేడా చేస్తే కారు పోతుంది.

లగూనా సెకాలో మెయిన్ స్ట్రెయిట్ చివర, రెండో మలుపు ముందు గట్టిగా బ్రేక్ వేయాలి. 105 మైళ్ల వేగంలో ఉన్న కారును 45 మైళ్లకు దించుతున్నారనుకోండి. మీతో కలిపి కారు బరువు 1,360 కిలోలు వేసుకుంటే, ఆ కొద్ది సెకన్లలో బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 12 లక్షల జౌల్స్. మూడున్నర లీటర్ల చల్లటి నీళ్లను మరిగించడానికి అంత వేడి కావాలి. ల్యాప్‌లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి, సెషన్‌లో పది ల్యాపులు ఉంటాయి. ఆ వేడంతా రోటర్లలోకి (చక్రంతో తిరిగే బ్రేక్ పళ్లేలు), వాటిని నొక్కిపట్టే ప్యాడ్లలోకి, అక్కడి నుంచి ప్యాడ్లను నొక్కే కాలిపర్ ద్వారా ఫ్లూయిడ్‌లోకి వెళ్తుంది.

పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే ఈ బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకూ మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. రేస్ ఫ్లూయిడ్లు వీటికి చాలా పైన ఉంటాయి. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. సీసా 20, 30 డాలర్లు ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పే అన్నిటిలో డాలర్‌కు ఎక్కువ లాభం ఇచ్చేది ఇదే. ఏటా ట్రాక్ సీజన్ మొదట్లో ఒకసారి పూర్తిగా మార్చి, మధ్యలో పెడల్ మెత్తబడినప్పుడల్లా బ్లీడ్ చేయించండి, అంటే పైపుల్లోని బుడగలు బయటికి తీయించండి.

బ్రేక్ సరిగా పడనప్పుడు తప్పు ఎక్కడుందో కాలే చెప్తుంది. పెడల్ స్పాంజిలా లోపలికి దిగిపోతోంది, రెండు మూడుసార్లు తొక్కితే మళ్లీ పైకి వస్తోంది అంటే ఫ్లూయిడ్ మరిగి బుడగలు పట్టాయి. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా కారు ఆగడం లేదు, కమురు వాసన వస్తోంది అంటే ప్యాడ్లు వేడికి పట్టు వదిలేశాయి. మొదటిదానికి ప్యాడ్లు కొన్నా, రెండోదానికి ఫ్లూయిడ్ మార్చినా డబ్బు వృథా. ఏది వచ్చినా అప్పటికప్పుడు చేయాల్సింది ఒకటే: వెంటనే తగ్గించి, చెయ్యి బయటపెట్టి, పిట్‌లోకి వచ్చేయండి. ఇంకొక్క ల్యాప్ అనుకోవద్దు.

ప్యాడ్ల విషయానికొస్తే, కంపెనీ ప్యాడ్లు మొదటి ఒకటి రెండు రోజులు నెమ్మదిగా నేర్చుకునేవాళ్లకు సరిపోతాయి. వేగం పెరిగాక మార్చక తప్పదు. ట్రాక్‌కూ ఆఫీసుకూ ఒకే కారయితే ఫెరోడో డీఎస్2500 లాంటి మధ్యరకం ప్యాడ్‌తో మొదలుపెట్టవచ్చు. పూర్తి ట్రాక్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు, పైగా గొడవ చేస్తాయి. ఆదివారం ఇండియన్ గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లోకి కీచుమంటూ వస్తే అందరూ తలలు తిప్పి చూస్తారు. అందుకే చాలామంది ట్రాక్‌కు ముందురోజు ట్రాక్ ప్యాడ్లు వేసి, వచ్చాక మామూలువి వేసుకుంటారు. ఒకసారి అలవాటైతే ముందు చక్రాలకు గంట పని. ముందువి ఒక రకం, వెనకవి ఇంకో రకం వేసేటప్పుడు మాత్రం అమ్మేవాళ్లను అడిగి జత కుదుర్చుకోండి. వెనకవి మరీ గట్టిగా పడితే మలుపులోకి దిగేటప్పుడు కారు తోక ఊపుతుంది.

కొత్త ప్యాడ్లను బెడ్డింగ్ చేయడం, అంటే రోటర్లకు అలవాటు చేయడం మరవద్దు. ఖాళీ రోడ్డు మీద మీడియం వేగం నుంచి పూర్తిగా ఆపకుండా వరసగా కొన్నిసార్లు గట్టిగా తగ్గించి, తర్వాత బ్రేక్ ముట్టకుండా చల్లారనివ్వాలి. ప్యాడ్ పెట్టె మీద ఆ కంపెనీ పద్ధతి ఉంటుంది, దాన్నే పాటించండి.

చిల్లులున్న రోటర్లు చూడ్డానికి బాగుంటాయి. ట్రాక్ వేడికి ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. సాదా రోటర్లు చవక, పైగా నయం. పెద్ద కాలిపర్ల కిట్‌కు వేలల్లో పెట్టే అవసరం ఈ బరువున్న కారుకు చాలాకాలం రాదు.

సెషన్ చివరి ల్యాప్‌ను బ్రేకులు వీలైనంత తక్కువ వాడుతూ చల్లార్చుకుంటూ రండి. ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకండి. గేర్‌లో వదిలేసి చక్రం కింద ఒక చెక్కముక్క పెట్టండి.

నాలుగో అడుగు: టైర్లు

జీఆర్ 86 బేస్ మోడల్‌కు 17 అంగుళాల చక్రాల మీద మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లు వస్తాయి, ప్రీమియంకు 18 అంగుళాల మీద పైలట్ స్పోర్ట్ 4 వస్తాయి. ప్రైమసీలు పట్టు తక్కువ టైర్లు. వాటి మీద నేర్చుకోవడం మంచిదే. టైరు జారే ముందు బాగా అరుస్తుంది, జారడం కూడా నెమ్మదిగా మొదలవుతుంది, సర్దుకోవడానికి టైం ఇస్తుంది. పట్టు ఎక్కువున్న టైరు మీ పొరపాట్లను దాచి దాచి, చివరికి ఒకేసారి వదిలేస్తుంది. అందుకే మొదటి రోజే అంటుకుపోయే టైర్లు వేసుకోమని చెప్పను.

కంపెనీ టైర్లు అరిగాక ట్రెడ్‌వేర్ (అరుగుదల సూచి) 200 అని ముద్ర ఉండే తరగతికి వెళ్లండి. ఆ తరగతిలోనూ రెండు జాతులున్నాయి. హాంకుక్ ఆర్‌ఎస్4 లాంటివి ఎక్కువ రోజులు వస్తాయి, వేడిని ఓర్చుకుంటాయి, సెషన్ మొత్తం ఒకేలా ఉంటాయి. యోకోహామా ఎ052 లాంటివి వెంటనే పట్టేస్తాయి, గడియారాన్ని మెప్పిస్తాయి, తొందరగా అరిగిపోతాయి. రేసుకు వెళ్లేవాళ్లకు రెండోది. నేర్చుకునేవాళ్లకు మొదటిదే. ఎందుకంటే పన్నెండో నిమిషంలో కూడా కారు మొదటి ల్యాప్‌లో లాగే ప్రవర్తిస్తేనే మీరు చేసిన మార్పు మీకు తెలుస్తుంది. 17 అంగుళాల సెట్టు నాలుగూ కలిపి సుమారు 700 నుంచి 1,000 డాలర్లు. 18 కంటే 17 అంగుళాల చక్రాలనే ఎంచుకోమంటాను. టైరు చవక, చక్రం తేలిక. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా, ఈ అలవాటుకు దాణా టైర్లే.

గాలి సంగతి చాలామంది వదిలేస్తారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెట్టిన గాలి ట్రాక్ మీద వేడికి ఆరేడు పీఎస్‌ఐ పెరగడం మామూలే. కాబట్టి చూడాల్సింది వేడి మీది గాలి. ట్రాక్ నుంచి నేరుగా వచ్చి, ఇంజిన్ ఆపీ ఆపకముందే, గేజ్ తీసుకుని నాలుగూ కొలవండి. చాలా రకాల టైర్లకు 34 దగ్గర మొదలుపెట్టి చూడవచ్చు. దాటితే అంతమేరకు వదలండి. ముందే ప్రతి టైరు పక్కగోడ అంచు మీద సుద్దముక్కతో గీత గీసి ఉంచండి. వచ్చాక సుద్ద అంచు వరకూ చెరిగితే సరిగ్గా ఉన్నట్టు. గోడ మీద కిందికి కూడా చెరిగిపోయిందంటే గాలి తక్కువైంది, లేదా క్యాంబర్ (చక్రం నిలువుకు ఒరిగి ఉండే కోణం) చాలడం లేదు. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు వదిలిన గాలి మళ్లీ పెట్టుకోండి. లేకపోతే హైవే మీద టైర్లు చల్లారాక 26, 27తో నడుపుతుంటారు.

ఐదో అడుగు: అలైన్‌మెంట్

ట్రాక్‌కు వెళ్లొచ్చిన మామూలు జీఆర్ 86 ముందు టైర్లు చూడండి. బయటి అంచు నున్నగా అరిగి, లోపలి సగం కొత్తదానిలా ఉంటుంది. కంపెనీ నుంచి ముందు చక్రాలకు క్యాంబర్ దాదాపు సున్నా. మలుపులో కారు ఒరిగినప్పుడు బరువంతా బయటి అంచు మీదే పడుతుంది.

క్యాంబర్ బోల్టులు 30, 40 డాలర్లు. వాటితో, ఒక మంచి అలైన్‌మెంట్‌తో ఒకటిన్నర డిగ్రీల దాకా నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి ఒరగడం) వస్తుంది. మార్పు మొదటి మలుపులోనే తెలుస్తుంది. స్టీరింగ్ తిప్పినా ముందుకే తోసుకుపోయే గుణం తగ్గుతుంది, టైర్లు ఎక్కువ రోజులు వస్తాయి. ఇంకా కావాలంటే స్ట్రట్ పైన క్యాంబర్ ప్లేట్లు వేసుకుంటే రెండున్నర, మూడు దాకా వెళ్లవచ్చు. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రం సున్నాకు దగ్గరగా ఉంచమనండి. అలైన్‌మెంట్ షాపులో ‘కంపెనీ స్పెక్‌కు పెట్టేశాం’ అంటారు, కాబట్టి మీకు కావాల్సిన అంకెలు కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

కాయిలోవర్లు, యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించేవి) దీని తర్వాతే. 1,000 డాలర్ల లోపు దొరికే కాయిలోవర్ల కంటే కారుతో వచ్చిన సస్పెన్షనే మేలని నా అభిప్రాయం. కారు కిందికి దిగితే అందంగా ఉంటుంది, నిజమే. మరీ దిగితే సస్పెన్షన్ ప్రయాణం అయిపోయి, సొనోమా లాంటి ఎత్తుపల్లాల ట్రాక్‌లో స్టాపర్లకు కొట్టుకుంటుంది.

ఆరో అడుగు: చల్లదనం

థండర్‌హిల్ ఉన్న విల్లోస్ ఊళ్లో వేసవి ఎండ రెంటచింతలను గుర్తుచేస్తుంది. 38 డిగ్రీలు దాటడం మామూలే. జీఆర్ 86 డ్యాష్‌బోర్డును ట్రాక్ మోడ్‌లో పెడితే ఆయిల్, కూలెంట్ వేడి కనిపిస్తుంది. ప్రతి స్ట్రెయిట్‌లో ఒక చూపు వేయండి. ఆయిల్ 250 ఫారన్‌హీట్ దాటి ఇంకా ఎక్కుతుంటే జాగ్రత్తపడండి. 270 దగ్గరికొస్తే గేరు పెంచి, ఒక ల్యాప్ నెమ్మదిగా తిరిగి చల్లార్చండి. అది ప్రతి సెషన్‌లో జరుగుతుంటే ఆయిల్ కూలర్ అవసరం వచ్చినట్టే. చలికాలంలో మాత్రమే ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు అది రాకపోవచ్చు. పుస్తకంలో రాసుకోమన్నది ఇందుకే.

ఈ ఇంజిన్‌కు ఇంకో విషయం ఉంది. పొడవైన కుడి మలుపుల్లో, టైర్ల పట్టు బాగా ఎక్కువైనప్పుడు, ఆయిల్ ప్రెషర్ పడిపోవడాన్ని గేజులు పెట్టుకున్న ఓనర్లు చాలామంది చూశారు. బ్యాఫిల్స్ (ఆయిల్ ఒక పక్కకు పోకుండా ఆపే అడ్డుపలకలు) వేసుకోవాలా, పికప్ (ఆయిల్‌ను పీల్చే గొట్టం) మార్చాలా అనే వాదనలు తెగవు. అంటుకునే టైర్లు వేసే ముందు ఆయిల్ ప్రెషర్ గేజ్ ఒకటి పెట్టుకోండి. అంకె కళ్లముందు ఉంటే ఎవరి వాదన మీ కారుకు సరిపోతుందో మీరే తేల్చుకోవచ్చు. ఆయిల్ 0డబ్ల్యూ-20 అనే పలుచటి రకం కంటే చిక్కటిది వేయాలా అని అడిగేవాళ్లు ముందు కారుతో వచ్చిన మాన్యువల్ చదవండి. కష్టమైన వాడకానికి ఎంత చిక్కదనం వరకూ పర్లేదో అందులో చూసుకోండి. ట్రాక్ వాడకంలో ఆయిల్ మార్పు కూడా తొందరగా చేయించాలి.

సీటు, బెల్టు

నాలుగు పాయింట్ల హార్నెస్ (రేసు కార్లలో వాడే పట్టీల బెల్టు) కొని మామూలు సీటుకు బిగించడం అన్నిటికంటే ప్రమాదకరమైన ‘సేఫ్టీ’ అప్‌గ్రేడ్. రోల్ బార్, సరైన రేస్ సీటు, తల వెనక్కీ ముందుకీ ఊగకుండా పట్టే పరికరం, ఇవన్నీ కలిస్తేనే హార్నెస్ పని చేస్తుంది. సగం వేసుకుంటే కారు పల్టీ కొట్టినప్పుడు మీ శరీరం పక్కకు ఒరగలేదు, పైకప్పేమో కిందికి వస్తుంది.

డబ్బు పెట్టకుండా ఉన్నదాన్నే బిగువు చేసుకునే చిట్కా ఒకటుంది. సీటును ఒకటి రెండు గాట్లు వెనక్కి జరిపి, బెల్టు పెట్టుకుని, భుజం దగ్గర చటుక్కున లాగండి. లాక్ పడుతుంది. ఆ లాక్ వదలకుండా పట్టుకుని సీటును ముందుకు జరపండి. నడుమును బెల్టు గట్టిగా పట్టేస్తుంది. మోకాలిని డోరుకు ఆనించి ఒళ్లు ఆపుకునే పని తప్పుతుంది, చేతులు స్టీరింగ్‌కు వేలాడకుండా దాన్ని తిప్పడానికే మిగులుతాయి.

ఏడో అడుగు: పవర్, అందరూ ముందు అడిగేది

వేగం 10 శాతం పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది. అందుకే పవర్‌ను చివర్లో పెట్టాను. టర్బో గానీ సూపర్‌ఛార్జర్ గానీ బిగించినప్పుడు మీరు కొంటున్నది ఆ కిట్ ఒక్కటే కాదు. పెద్ద ఆయిల్ కూలర్, ఇంకా వేడిని తట్టుకునే ప్యాడ్లు, త్వరగా అరిగే టైర్లు, కొన్నాళ్లకు క్లచ్. కిట్ 5,000 డాలర్లయితే మొత్తం లెక్క అక్కడ ఆగదు.

ఎగ్జాస్ట్ గురించి రెండు హద్దులు తెలుసుకోండి. ఒకటి శబ్దం. లగూనా సెకాలో చాలా రోజుల్లో 90 డెసిబెల్స్ దగ్గర హద్దు పెడతారు, ట్రాక్ పక్కన మీటర్ పెట్టి కొలుస్తారు. దాటితే బ్లాక్ ఫ్లాగ్ చూపించి లోపలికి పిలుస్తారు, మళ్లీ మళ్లీ దాటితే ఆ రోజుకు అంతే. వందల డాలర్ల ఎంట్రీ ఫీజు కట్టి, 1,000 డాలర్ల ఎగ్జాస్ట్ పెట్టుకుని, ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట) కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్లు అక్కడ ప్రతిసారీ కనిపిస్తారు. సైలెన్సర్ కొసకు వంపు పైపు తగిలించి శబ్దాన్ని మీటర్‌కు అవతలివైపు మళ్లించేవాళ్లూ ఉంటారు. కొన్నిసార్లు అది పని చేస్తుంది కూడా.

రెండోది కాలిఫోర్నియా చట్టం. ఇన్‌టేక్, హెడర్లు (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే మొదటి గొట్టాలు), ఇంజిన్ ట్యూన్, వీటిలో ఏదైనా రోడ్డు మీద నడిచే కారుకు పెట్టాలంటే రాష్ట్ర ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్ ఆ పార్టుకు ఉండాలి. కొనే పేజీలో ఆ నంబర్ లేకపోతే అది రేసు కారుకే అని అర్థం. కొత్త కార్లకు మొదటి ఎనిమిదేళ్లు స్మాగ్ టెస్ట్ (పొగ పరీక్ష) ఉండదు కాబట్టి ఎవరూ చూడరనుకుంటారు. అమ్మేటప్పుడు, లేదా తొమ్మిదో ఏట బానెట్ ఎత్తినప్పుడు చూస్తారు.

వారంటీ గురించి ఒక మాట. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, వేరే పార్టు వేసినంత మాత్రాన కంపెనీ మొత్తం వారంటీని కొట్టేయలేదు. ఆ పార్టు వల్లే నష్టం జరిగిందని చూపించాలి. ప్యాడ్లు మార్చినందుకు ఏసీ వారంటీ పోదు. ఇంజిన్ ట్యూన్ చేశాక ఇంజిన్ పోతే మాత్రం ఆ చూపించే పని వాళ్లకు చాలా తేలిక.

ఇన్సూరెన్స్

మామూలు పాలసీల్లో ట్రాక్ మీద జరిగే నష్టానికి కవరేజ్ లేకుండా రాసి ఉండటం సర్వసాధారణం. మీ పాలసీలో ఆ పేరా వెతికి చదవండి. ఒక్క రోజుకు ట్రాక్ ఇన్సూరెన్స్ అమ్మే సంస్థలు ఉన్నాయి, కారు విలువను బట్టి ప్రీమియం ఉంటుంది. కారు లోన్ మీద ఉన్నవాళ్లు దీన్ని కూడా ఎంట్రీ ఫీజులో భాగంగానే లెక్కేసుకోవాలి.

హైదరాబాద్, విజయవాడ నుంచి చదువుతున్నవాళ్లకు

జీఆర్ 86ను టయోటా మన దేశంలో అమ్మడం లేదు. మీ దగ్గర ఉన్నది వేరే కారయినా పై వరస అదే. మీకు ట్రాక్ అంటే చాలావరకు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల సర్క్యూట్, లేదా కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే. రెండు విషయాలు మాత్రం మీకు ఎక్కువ వర్తిస్తాయి. మన తీరప్రాంతపు తేమకు బ్రేక్ ఫ్లూయిడ్‌ను ఏడాది దాటనివ్వకండి. వర్షాకాలం గడిచాక ట్రాక్‌కు వెళ్తుంటే కొత్తది పోయించుకునే వెళ్లండి. ఇంకోటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో రాసి ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా కారును మార్చకూడదు. ప్యాడ్లు, ఫ్లూయిడ్, కంపెనీ ఒప్పుకున్న సైజులో మంచి టైర్లు, అలైన్‌మెంట్ వీటితో చిక్కు రాదు. ఇంజిన్, సైలెన్సర్ల దగ్గర వస్తుంది.

విప్పినవి పారేయకండి

తీసిన ప్రతి పార్టునూ బోల్టులతో సహా సంచిలో వేసి, పేరు, తేదీ రాసి గ్యారేజీలో పెట్టండి. అమ్మేటప్పుడు కంపెనీ పార్టులతో ఉన్న జీఆర్ 86కు మంచి ధర వస్తుంది, మీరు వేసిన చక్రాలు, కాయిలోవర్లు విడిగా అమ్ముకోవచ్చు. కొనేటప్పుడూ అంతే. ట్రాక్ సరదా తీరిపోయినవాళ్లు సీజన్ చివర్లో చక్రాలు, ఆయిల్ కూలర్ కిట్లు సగం ధరకు వదిలించుకుంటారు. వాడిన ప్యాడ్లు, టైర్లు, హెల్మెట్లు మాత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. వాడిన చక్రాలైతే లోపలి అంచు మీద వేలు తిప్పి, సన్నటి పగులు గానీ సొట్ట గానీ తగులుతుందేమో చూసి తీసుకోండి. బిగించాక ప్రతి సెషన్‌కు ముందు, చక్రాలు చల్లారి ఉన్నప్పుడు, టార్క్ రెంచ్‌తో లగ్ నట్లు ఒకసారి చూసుకోండి. జీఆర్ 86కు 89 పౌండ్-ఫీట్.